ఈ పుస్తకం బయటికి ఇవ్వబడదు

లైబ్రరీలకు పట్టిన అసలు పీడ ఏమిటో నేను కనిపెట్టాను. పుస్తకాలు!

నవ్వకండి. కాస్త నిదానంగా ఆలోచించండి. లైబ్రరీలో చోటంతా ఆక్రమించింది ఎవరు? పుస్తకాలు. దుమ్ము పేరుకునేది దేని మీద? పుస్తకాల మీద. కుర్రకారు హాయిగా కాళ్ళు చాపుకుందామంటే అడ్డొచ్చేది ఏది? పుస్తకాల బీరువా. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ చదువుకున్నవాళ్ళకు తట్టలేదంటే, వాళ్ళంతా పుస్తకాల్లో తల దూర్చి కూర్చోవడమే కారణమని నా అనుమానం.

నా మాట మీద నమ్మకం లేకపోతే మా యూనివర్సిటీ లైబ్రరీకి రండి. అక్కడ చదివిన పుణ్యానికి నాకు శాశ్వత సభ్యత్వం ఉంది. మధ్యాహ్నం భోంచేసి అక్కడికి వెళ్ళడం నా అలవాటు. ఎందుకు వెళ్తానని అడగకండి. ఏసీ బాగుంటుంది.

క్షమించాలి, లైబ్రరీ అనేశాను. ఇప్పుడు దాని పేరు నాలెడ్జ్ లాంజ్. కొత్త డైరెక్టర్ గారు వచ్చీ రాగానే చేసిన మొదటి పని పాత బోర్డు పీకించడం. రెండో పని కింది అంతస్తులోని బీరువాలను గోడౌనుకు పంపించడం. వాటి స్థానంలో సోఫాలు వచ్చాయి, కూర్చుంటే మళ్ళీ లేవలేని గోనెసంచుల్లాంటి కుర్చీలు వచ్చాయి, కాఫీ మిషను వచ్చింది, నడుస్తూ చదువుకోవడానికి ట్రెడ్‌మిల్లు వచ్చింది. వానొస్తే గొడుగులు ఇష్యూ చేస్తారు. ఫోను చార్జర్లు ఇష్యూ చేస్తారు. యోగా చాపలు ఇష్యూ చేస్తారు. ఇంతటి అభివృద్ధిని మెచ్చుకోకపోతే మనం మనుషులమేనా?

మరి లైబ్రేరియన్ సంగతి? ఆవిణ్ణి కూడా అభివృద్ధి చేశారు!

ఆవిణ్ణి అందరూ 'ష్ మేడమ్' అంటారు. గుసగుసలు ఎక్కడ మొదలైనా తలెత్తకుండానే 'ష్' అనడం ఆవిడ ప్రత్యేకత. ఆ శబ్దానికి ప్రొఫెసర్లు సైతం చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేవారు. డైరెక్టర్ గారు ఆవిడకు 'యూజర్ ఎక్స్‌పీరియన్స్ మేనేజర్' అనే హోదా ఇచ్చి, కార్డులు అచ్చు వేయించి, ఇకపై 'ష్' అనడం నిషేధించారు. లాంజ్‌లో మాటలు గోల కాదట, కొలాబరేషనట. ఆవిడ నోటిదాకా వచ్చిన 'ష్'ని మింగేయడం నేర్చుకున్నారు. మొదట్లో కొన్నాళ్ళు ఎక్కిళ్ళు కూడా వచ్చాయని అటెండరు బాబాయి చెప్పాడు. అటెండరు బాబాయి నోట్లో నువ్వుగింజ నానదు. ఈ కథలో నేను చూడనివన్నీ అతను చెప్పినవే.

కార్డు చూసి ఇంట్లో ఆవిడ అత్తగారు ఈ కొత్త ఉద్యోగంలో పనేమిటని ఆరా తీశారు. వచ్చినవాళ్ళకు సౌకర్యంగా ఉందో లేదో కనుక్కోవడమని కోడలు చెప్పారు.

"ఇంటికొచ్చిన చుట్టాలకి నేను పెళ్ళయినప్పట్నుంచీ ఆ పనే చేస్తున్నాను," అన్నారు అత్తగారు. "నాకెవరూ కార్డు వేయించలేదు."

ఇంత అభివృద్ధిలోనూ పాత వాసన వదలని గది ఒకటి మిగిలింది. అది పై అంతస్తులోని రిఫరెన్స్ గది. లావుపాటి నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాలు, పరుపంత అట్లాసు, అన్నీ అక్కడే. ప్రతి పుస్తకం లోపలా ఊదారంగు ముద్ర: 'ఈ పుస్తకం బయటికి ఇవ్వబడదు.' ఆ ముద్రకు మేడమ్ కాపలా. ఎంతటివాళ్ళు అడిగినా పుస్తకం గడప దాటదు. ఒకసారి సొంత భర్త ఆ అట్లాసును ఒక్క పూటకు ఇంటికి తెమ్మని బతిమాలాడు. ఆవిడ ససేమిరా అన్నారు. ఆ వారమంతా ఇంట్లో మాటల్లేవు. ఏ మొగుడైనా అట్లాసు కోసం అలుగుతాడా అనకండి, అతను లారీ సర్వీసులో మేనేజరు.

ఆ గదిలో ఇంకో విడ్డూరం ఉండేది. గోడ మీద ఒక బోర్డు: 'చదివిన పుస్తకాలను అరల్లో పెట్టకండి. అక్కడే వదిలేయండి.'

ఏ ఇంట్లోనైనా తీసిన వస్తువు తీసిన చోట పెట్టమని మొత్తుకుంటారు. ఇక్కడ పెట్టొద్దని బోర్డు! కారణం అడిగితే మేడమ్ ఓపిగ్గా చెప్పేవారు. పుస్తకం తప్పు అరలోకి పోతే పోగొట్టుకున్నట్టే, తెల్లారి అడిగినవాళ్ళకు అది దొరకదు. అందుకని సాయంత్రం ఆవిడా అటెండరు బాబాయీ కలిసి బల్లల మీద పడి ఉన్నవన్నీ ఏరి, ఎక్కడివక్కడ సర్దేవారు.

అసలు సంగతి వేరే ఉంది. ఆ సర్దుడంటే ఆవిడకు ప్రాణం. బల్లలు చూస్తే చాలు, ఆ రోజు ఎవరు దేనితో కుస్తీ పట్టారో తెలిసిపోయేది. కిటికీ పక్క బల్ల మీద వైద్య నిఘంటువు ఉందంటే నర్సింగ్ చదివే అమ్మాయి వచ్చి వెళ్ళినట్టు. అట్లాసు కింద చట్టాల సంపుటం నలిగి ఉందంటే ఎవరో సరిహద్దు తగాదా మీద వ్యాసం రాస్తున్నట్టు. పరీక్షలు దగ్గరపడితే నాలుగు బల్లలూ నిండిపోయి, కిటికీ గూట్లో కూడా పుస్తకాలు ఉండేవి. ఆ రోజుల్లో ఆవిడ నడుం పట్టుకుని, విసుక్కుంటూ, లోలోపల మురిసిపోయేవారు.

ఇలాంటి సెంటిమెంట్లకు డైరెక్టర్ గారు లొంగే మనిషి కాదు. ఒక రోజు లాప్‌టాప్ పట్టుకుని పైకొచ్చి, తెర మీద ఒక గీత చూపించారు. ఆ గీత పుట్టిన చోటు నుంచి చివరిదాకా నేలనంటుకునే ఉంది. అది రిఫరెన్స్ గది వాడకమట. ఏళ్ళ తరబడి ఒక్క పుస్తకం కూడా ఇష్యూ కాలేదు. సున్నా!

"ఇవి ఇష్యూ చెయ్యం కదండీ సార్. రిఫరెన్స్ పుస్తకాలు. ఇక్కడే కూర్చుని చదువుకుంటారు," అన్నారు మేడమ్.

"నేనూ అదే అంటున్నాను మేడమ్. ఎవరూ తీసుకెళ్ళట్లేదు."

"తీసుకెళ్ళనివ్వం సార్."

"కారణాలు వద్దు మేడమ్. సిస్టమ్‌లో వాడకం ఎక్కడ కనిపిస్తోందో చూపించండి."

మేడమ్ బల్లల వైపు చూపించారు. డైరెక్టర్ గారు తెర వైపు చూశారు.

పాఠకులారా, ఇక్కడ నేను డైరెక్టర్ గారి పక్షం. లెక్క లెక్కే! మా ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉంది. ఇన్నేళ్ళలో దాన్ని ఒక్కరూ బయటికి తీసుకెళ్ళలేదు. అంటే మా ఇంట్లో వంట జరగడం లేదనే కదా అర్థం? మరి మేం ఏం తింటున్నామని అడుగుతారేమో. సిస్టమ్‌లో లేని ప్రశ్నలు అడగకూడదు.

తీర్పు సూటిగా వచ్చింది. సెమిస్టరు మధ్యలో కమిటీ వస్తుంది. ఆలోగా వాడకం కనబడకపోతే పుస్తకాలు తుక్కువాడికి, గది పవర్ న్యాప్ జోన్‌కు. పవర్ న్యాప్ అంటే పగలు పడుకోవడం. ఇంతకాలం నేను దానికి ఏ గుర్తింపూ లేకుండా, ఒంటరిగా కృషి చేస్తూ వచ్చాను. దానికొక జోనే వస్తోందని వినగానే నా ఒళ్ళు పులకరించింది.

మేడమ్ ఒళ్ళు మాత్రం చల్లబడింది. డైరెక్టర్ గారు వెళ్ళాక ఆవిడ నర్సింగ్ అమ్మాయి కుర్చీలో కూర్చుని, చాలాసేపు వైద్య నిఘంటువు అట్ట మీద చెయ్యి వేసి ఉండిపోయారు. ఏడుపు రాలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది. ఈ పుస్తకాలను దుమ్ము నుంచి, చెదల నుంచి, చేతివాటం కుర్రాళ్ళ నుంచి కాపాడారు. ఇప్పుడు వాటి ప్రాణం మీదికి తెచ్చింది ఆ కాపలాయేనని తెలిసేసరికి ఆవిడకు దిక్కు తోచలేదు.

ఆ సాయంత్రం చిక్కుడుకాయలు వలుస్తూ అత్తగారితో గోడు వెళ్ళబోసుకున్నారు. అత్తగారు అంతా విని, చేతిలో కాయ తిప్పుతూ అడిగారు.

"ఎవరూ తీసుకెళ్ళట్లేదన్నదే కదా గొడవ? తీసుకెళ్ళమను."

"అవి బయటికి ఇవ్వకూడదు అత్తయ్యా."

"ఎవరన్నారు?"

"నేనే," అన్నారు మేడమ్.

మర్నాడు ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుని ఆ పుస్తకాలన్నిటికీ ఉన్న అడ్డు తీసేశారు. అది సులువే. ముద్రల మీద పెన్నుతో గీత కొట్టడమే కష్టమైంది. తొలి గీత వంకరగా వచ్చిందట. రెండోది కాస్త నయం. మధ్యాహ్నానికి చెయ్యి అలవాటు పడింది కానీ మనసు పడలేదు.

మొదటి పుస్తకం నర్సింగ్ అమ్మాయికి ఇచ్చి, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఆ అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసింది.

"నేనేం తప్పు చేశాను మేడమ్?" అని అడిగింది.

తరవాత వార్త దావానలంలా పాకింది. ష్ మేడమ్ రిఫరెన్స్ పుస్తకాలు ఇస్తున్నారట! నమ్మనివాళ్ళు పరీక్షించడానికి వచ్చి, బరువైన సంపుటాలు చంకనేసుకుని వెళ్ళారు. హాస్టలు గదులకు విజ్ఞాన సర్వస్వం ముక్కలు ముక్కలుగా తరలిపోయింది. క్యాంటీన్ వంటమాస్టరు మొక్కల సంపుటం పట్టుకుపోయాడు. గేటు దగ్గర వాచ్‌మన్ పాముల బొమ్మలున్నది కావాలని పట్టుబట్టాడు. అత్తగారు పక్షుల సంపుటం తెప్పించుకుని, ఎదురింటి డాబా మీద వాలేవాటికి పేర్లు పెట్టి పిలవడం మొదలెట్టారు. మేడమ్ భర్త అట్లాసును రెండు చేతులా ఎత్తుకుని, ఇంతకాలం ఎదురుచూసిన మనిషి గనక, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

నేనూ ఒకటి తీసుకున్నాను. దేని మీద పుస్తకమో చూడలేదు. తలకింద పెట్టుకోవడానికి ఎత్తు సరిపోయింది.

ఇష్యూ చేసేటప్పుడు మేడమ్ అన్నిటికీ ఒకే గడువు పెట్టారు: సెమిస్టరు చివరి రోజు. మర్నాటి నుంచి హాస్టళ్ళు ఖాళీ అవుతాయి కాబట్టి అది మామూలు ముందుజాగ్రత్తే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

కమిటీ రావడానికి ముందే అరలు బోసిపోయాయి. పిల్లలందరూ ఊరెళ్ళిన ఇల్లులా ఉంది గది. మేడమ్ ఆ ఖాళీ అరలను గుడ్డతో తుడిచారు. తెర మీద గీత చూసుకుని ధైర్యం తెచ్చుకున్నారు. గీత నేలను వదిలి నిట్టనిలువుగా పైకి పోయింది. నూటికి నూరు శాతం వాడకం! గది దక్కినట్టే కదా?

కమిటీ సభ్యులు గీత చూసి భేష్ అన్నారు. డైరెక్టర్ గారు తన దార్శనికతను తానే మెచ్చుకున్నారు. మేడమ్‌కు అందరి ముందూ అభినందనలు దక్కాయి. అప్పుడు ఒక సభ్యుడు చుట్టూ చూసి, ఎంతో మర్యాదగా ఒక సందేహం వెలిబుచ్చారు. పుస్తకాలన్నీ జనం దగ్గరే ఉంటే, ఈ అరలు దేనికి?

వాడకం సున్నా అయితే పుస్తకాలు అనవసరం. వాడకం నూరయితే అరలు అనవసరం. ఎటు తిరిగినా సోఫాలే తేలడం చూశారా? దీన్నే శాస్త్రీయ దృక్పథం అంటారు.

మేడమ్ ఏమంటారు? గీత ఆవిడే గీసిచ్చారు. ఆ వారంలోనే అరల మేకులు ఊడదీసి, చెక్కలు బండికెత్తారు. బల్లలు కూడా పోయాయి. గోడ మీది బోర్డును మాత్రం ఆవిడ స్వయంగా స్టూలెక్కి దించుకుని, తన సీటు వెనక గోడకు ఆనించారు. ఇంటికెళ్ళాక అత్తగారు కంచంలో ఇంకొంచెం అన్నం పెట్టారు. తన సలహా వల్లే గది పోయిందని ఆవిడకూ మనసు పీకుతోంది.

గదిలోకి మెత్తటి సోఫాలు వచ్చాయి. గుడ్డు ఆకారంలో పడక కుర్చీలు వచ్చాయి, మూత దించుకుంటే లోపల వాన చప్పుడు వినిపిస్తుంది. ప్రారంభోత్సవం ఎప్పుడు? పరీక్షలు అయిపోయి అందరూ తీరిగ్గా ఉంటారని డైరెక్టర్ గారు సెమిస్టరు చివరి రోజే ఖాయం చేశారు.

గుర్తుంచుకోమన్నాను కదా.

మేడమ్‌కు ఆ సంగతి తట్టలేదా? తట్టే ఉంటుంది. కావాలనే ఊరుకున్నారా అని అటెండరు బాబాయిని గుచ్చి గుచ్చి అడిగాను. మొదటిసారి అతని నోట్లో నువ్వుగింజ నానింది.

ఆ రోజు పొద్దున్నే అందరి ఫోన్లకూ మెసేజ్ పోయింది, పుస్తకం ఇవాళే తిరిగి ఇవ్వాలని. ఎవరూ పంపనక్కర్లేదు. డైరెక్టర్ గారు ముచ్చటపడి తెప్పించిన సిస్టమ్ దానంతటదే పంపుతుంది, పుస్తకం తిరిగొచ్చేదాకా పంపుతూనే ఉంటుంది.

అతిథులు రిబ్బను దగ్గరకు చేరే వేళకు గేటు దగ్గర జనం మొదలయ్యారు. స్కూటర్ల మీద, భుజాల మీద, దుప్పట్లో మూటగట్టి, ఇద్దరిద్దరు పట్టుకుని తెస్తున్నారు. వంటమాస్టరు తన సంపుటానికి నూనె అంటకుండా తువ్వాలు చుట్టాడు. అత్తగారు ఆటోలో దిగారు. మెట్ల మీంచి గేటుదాకా వరస. గేటుకున్న సెన్సరు వచ్చినవాళ్ళందర్నీ లెక్కపెడుతోంది. ఆ అంకె చూసి డైరెక్టర్ గారు పట్టలేక మైకు అందుకున్నారు. న్యాప్ జోన్ కోసం జనం ఇలా ఎగబడతారని తాను ముందే ఊహించానని చెప్పారు.

మేడమ్ తలుపు దగ్గర కూర్చుని ఒక్కో పుస్తకాన్నీ సిస్టమ్‌లో రిటర్న్ చేసుకుంటున్నారు. వరసలో మొదట నిలబడింది నర్సింగ్ అమ్మాయి. వైద్య నిఘంటువును గుండెకు హత్తుకుని, గదంతా కలియజూసి, ఎక్కడ పెట్టమంటారని అడిగింది.

మేడమ్ కూడా గదంతా చూశారు. అలవాటైన మాటే నోటికి వచ్చింది.

"అరలో పెట్టకమ్మా. అక్కడే వదిలేయ్."

ఆ అమ్మాయి దాన్ని ఒక గుడ్డు కుర్చీలో పెట్టింది. పెట్టాక, ఎంతైనా పాత స్నేహం కదా, పక్కనే నేల మీద కూర్చుని ఒకసారి తెరిచింది. తరవాతి కుర్రాడు సోఫా మీద పెట్టాడు. ఆ తరవాత ఇంకొకరు, ఇంకొకరు. ఇన్నాళ్ళూ ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్కే ఉంది గనక, పక్కవాడి దగ్గరున్న ముక్క మీదికి అందరికీ మనసు పోయింది. వాచ్‌మన్ మొక్కల సంపుటం తిప్పుతుంటే వంటమాస్టరు పాముల బొమ్మలు చూసి గుడ్లు తేలేశాడు. అత్తగారు ఇద్దరు కుర్రాళ్ళను కూర్చోబెట్టుకుని పక్షులను పరిచయం చేస్తున్నారు. కాసేపటికి ఆ మాటలు కూడా సన్నగిల్లాయి. కాయితాలు తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

అంతలో డైరెక్టర్ గారు ఫోనులో ఎవరికో ఈ ఘనవిజయం వర్ణిస్తూ గదిలోకి వచ్చారు.

"ష్," అంది గది.

ఒకరు కాదు, ఇద్దరు కాదు, గది మొత్తం, ఒక్కరూ తలెత్తకుండా. డైరెక్టర్ గారు ఫోను దించి మేడమ్ వైపు చూశారు.

"నేను కాదు సార్," అన్నారావిడ, చాలా మెల్లగా. ఆవిడ కళ్ళు నిండాయని అటెండరు బాబాయి అన్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడు అతని కళ్ళూ అలాగే ఉన్నాయి.

ఇప్పుడు సంగతి ఏమిటంటే, న్యాప్ జోన్ మహత్తర విజయం సాధించిందని రిపోర్టు వెళ్ళింది. సోఫాలు వేశాక జనం ఎన్ని రెట్లు పెరిగారో అందులో ఉంది. వాళ్ళు ఏం పట్టుకుని వచ్చారో లేదు. సోఫాలు ఇంకా కావాలని ప్రతిపాదన. పుస్తకాలన్నీ సిస్టమ్‌లో రిటర్న్ అయ్యాయి కాబట్టి ఎవరి మీదా ఫిర్యాదు లేదు. పెట్టడానికి అరలు లేవు కాబట్టి ఎక్కడివక్కడే ఉన్నాయి. పాత బోర్డు మళ్ళీ గోడెక్కింది. అందులో మాట చెల్లుబాటు కావడం లేదని అనడానికి వీల్లేదు.

అందరూ సంతోషమే. మరి నా గతి?

నిన్న మధ్యాహ్నం భోంచేసి వెళ్ళాను. నాకు నచ్చిన సోఫాలో ఖగోళశాస్త్రం బోర్లా పడుకుని ఉంది. పక్క సోఫాలో చట్టాలు. గుడ్డు కుర్చీ మూత ఎత్తితే లోపల వాన కురుస్తోంది, ఆ వానలో వైద్య నిఘంటువు. నిలబడలేక ఖగోళశాస్త్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పడుకునే దారి లేక ఒక పేజీ తిప్పాను. లైట్లు ఆర్పుతున్నాం లేవండి అని అటెండరు బాబాయి వచ్చేదాకా నేను నిద్రపోలేదు! నా చరిత్రలో ఇంతటి అన్యాయం ఎన్నడూ జరగలేదు.

కాబట్టి, అభివృద్ధిని ప్రేమించే పౌరుడిగా డైరెక్టర్ గారికి ఒక సరికొత్త ఆవిష్కరణను సూచిస్తున్నాను. సోఫాలు ఖాళీ కావాలంటే ఈ పుస్తకాలను నిలబెట్టడానికి చెక్కతో అడ్డంగా కొన్ని పలకలు బిగించండి. జనం వాటిని ముందేసుకుని కూర్చోవడానికి నాలుగు బల్లలు వేయించండి. ఏ పుస్తకం ఏ పలక మీద ఉండాలో తెలిసినవాళ్ళు ఒకరు కావాలి. వాళ్ళు సాయంత్రం అన్నీ ఎక్కడివక్కడ సర్దాలి, అడిగినవాళ్ళకు వెతికి ఇవ్వాలి, అవసరమైతే 'ష్' అనాలి.

ఇలాంటి ఉద్యోగం ప్రపంచంలో ఇంతవరకూ ఎవరికీ తట్టి ఉండదు. దానికి ఏం పేరు పెట్టాలో తేల్చడానికి వెంటనే ఒక కమిటీ వేయవలసిందిగా ప్రార్థన.